పరమాణు నమూనాల పాఠం: ముందు ప్రయోగం, తర్వాతే బొమ్మ

తొమ్మిదో తరగతి పిల్లల్ని పరమాణువు బొమ్మ వెయ్యమంటే దాదాపు అందరూ ఒకటే వేస్తారు. మధ్యలో చుక్క, చుట్టూ రెండు మూడు వలయాలు, వాటి మీద ఎలక్ట్రాన్లు. పాఠం మొదలుపెట్టకముందే వేసేస్తారు. ఆ బొమ్మ 1913 నాటిదని, అది ఏ చిక్కు విప్పడానికి వచ్చిందో, ఆ తర్వాత దాని గతేమైందో మాత్రం పది పాసైన వాళ్లలోనూ చాలామందికి తెలియదు. పిల్లల్ని అనడానికేమీ లేదు. మనం చెప్పేదే అలా ఉంటుంది: పేరు, సంవత్సరం, బొమ్మ, లోపాలు. మళ్లీ ఇంకో పేరు, ఇంకో సంవత్సరం. వినేవాళ్లకు డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్ అంతా వరుసగా పరీక్ష తప్పినవాళ్లలా కనిపిస్తారు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ పాఠానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బొమ్మ ముందు చూపించను. ప్రయోగంలో ఏం కనిపించిందో చెప్తాను, దానికి సరిపడే బొమ్మ పిల్లల్నే వెయ్యమంటాను, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తాం. ఐదారు పీరియడ్లు పడుతుంది. సిలబస్ టెన్షన్ ఉంటే డాల్టన్‌ని, న్యూట్రాన్‌ని కుదించుకోండి. మధ్యలో ఉన్న ముగ్గురి దగ్గర, అంటే థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ దగ్గర మాత్రం తొందరపడొద్దు.

డాల్టన్‌కి అంకెలు చాలు

బోర్డు మీద రెండు లైన్లు రాయండి. 12 గ్రాముల కార్బన్ 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ మోనాక్సైడ్. అదే 12 గ్రాములు 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ డయాక్సైడ్. ఇప్పుడు అడగండి: సరిగ్గా రెట్టింపే ఎందుకు? 20 గ్రాములతోనో 27 గ్రాములతోనో ఎందుకు కలవదు? మీరు నోరు విప్పకుండా కాసేపు ఆగగలిగితే, ఎవరో ఒకరు "ముక్కల లెక్కన కలుస్తుందేమో టీచర్, సగం ముక్క ఉండదేమో" అంటారు. 1808లో మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ అచ్చువేయించిన వాదనకు ప్రాణం ఇదే. లోపల ఏముంది అన్నది ఆయన ప్రశ్నే కాదు, అందుకే పరమాణువు ఆయనకు గట్టి గుండుగా సరిపోయింది. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒకే ఆక్సిజన్ ఉంటుందని ఆయన అనుకున్నాడని కూడా చెప్పండి. అప్పటికి ఫార్ములా తేల్చుకునే దారి లేదు.

ఇక్కడే ఎవరో ఒకరు "కణాదుడు ముందే చెప్పాడు కదా" అంటారు. కసురుకోకండి, పొంగిపోకండి కూడా. కణాదుడి వైశేషిక దర్శనంలో రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం, ఎండపొడలో కనిపించే ధూళి రేణువు ఆ త్ర్యణుకం. ఎంత పదునైన ఊహో చూడండి. గ్రీసులో డెమోక్రిటస్‌ది కూడా తర్కంతో పుట్టిన ఊహే. దాన్ని తక్కెడలో పెట్టి ఒప్పో తప్పో చూసే వీలు డాల్టన్ కాలానికి వచ్చింది. ఈ రెండు మాటలు చెప్పి ముందుకు సాగండి.

థామ్సన్: పుచ్చకాయ కాదు, సూదులు

1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ లాబొరేటరీలో జె.జె. థామ్సన్ కాథోడ్ కిరణాల మీద, అంటే గాలి తీసేసిన గొట్టంలో రుణధ్రువం (కాథోడ్) నుంచి వచ్చే కిరణాల మీద పనిచేశాడు. బోర్డు మీద గొట్టం బొమ్మ వేసి ఈ సంగతి మాత్రం నొక్కి చెప్పండి: కాథోడ్ లోహం మార్చినా, గొట్టంలో వాయువు మార్చినా, ఆ కిరణాల్లోని కణాల ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తి మారలేదు. దీన్నుంచి ఏం తేలుతుందో పిల్లల్నే చెప్పమనండి. అన్ని పదార్థాల్లోనూ ఒకే రకం కణం ఉండాలి, దాన్నే ఇప్పుడు ఎలక్ట్రాన్ అంటున్నాం. అది హైడ్రోజన్ పరమాణువు కంటే ఎంతో తేలిక, ఈనాటి లెక్కలో దాదాపు 1,837వ వంతు. అంటే పరమాణువుకు లోపల అంటూ ఒకటి ఉంది.

పరమాణువుకు మొత్తంగా ఆవేశం లేదు, అయినా లోపల రుణావేశ కణాలున్నాయి. మరి ధనావేశం ఎక్కడుంది? పిల్లలు రకరకాల బొమ్మలు వేస్తారు. వెయ్యనివ్వండి. 1904లో థామ్సన్ చెప్పినది ధనావేశం గోళమంతా పరుచుకుని ఉంటుందని. మన పుస్తకాల్లో పుచ్చకాయ, గింజలు అని ఉంటుంది. ఆ పోలిక నాకు నచ్చదు. గింజలు ఎక్కడివక్కడ కదలకుండా ఉంటాయి, థామ్సన్ లెక్క కట్టింది వలయాలుగా తిరిగే ఎలక్ట్రాన్లకు. ఎన్ని ఎలక్ట్రాన్లుంటే ఎన్ని వలయాలుగా సర్దుకుంటాయన్నదే ఆ వ్యాసంలో అసలు పని.

దాన్ని క్లాసులో చూపించొచ్చు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ మేయర్ 1878లో చేసిన ప్రయోగం ఇది, థామ్సన్ కూడా తన వాదనకు దీన్ని వాడుకున్నాడు. కావలసినవి: కుట్టు సూదులు ఆరేడు, థర్మకోల్ ముక్కలు, ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, ల్యాబులోని దండాయస్కాంతం. స్టీలు బేసిన్ వద్దు, ఒక్కోసారి అదే అయస్కాంతానికి అతుక్కుని ఆట చెడగొడుతుంది. ప్రతి సూదినీ ఆయస్కాంతపు ఒకే ధ్రువంతో, బెజ్జం వైపు నుంచి మొన వైపుకే, ముప్ఫై సార్లు రుద్దండి. వెనక్కి వచ్చేటప్పుడు ఆయస్కాంతాన్ని పైకెత్తాలి. చిన్న థర్మకోల్ ముక్కకు ఒక్కో సూదిని నిలువుగా గుచ్చి, అన్నిటికీ బెజ్జం పైకే ఉండేలా నీళ్ల మీద వదలండి. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంచులకు పోతాయి. ఇప్పుడు టబ్బు మధ్యలో, నీటికి జానెడు ఎత్తున ఆయస్కాంతాన్ని నిలువుగా పట్టుకోండి. సూదులు ఇంకా దూరం పారిపోతే ఆయస్కాంతాన్ని తిరగేయండి. సరైన ధ్రువం కిందకి వస్తే లోపలికి వచ్చి ఆగుతాయి. మూడైతే త్రిభుజం, నాలుగైతే చతురస్రం, ఐదైతే పంచభుజి. ఆరో సూదిని వదలగానే క్లాసంతా అరుస్తుంది, ఎందుకంటే ఒకటి మధ్యలోకి వెళ్లి ఐదు చుట్టూ నిలబడతాయి. ఇంకొన్ని కలిపితే లోపలో వలయం, బయటో వలయం.

ఇది చూసిన పిల్లలు ఆ నమూనాను తేలిగ్గా కొట్టిపారెయ్యరు. మూలకాల గుణాలు కొంత దూరానికోసారి ఎందుకు తిరిగి వస్తాయో ఈ వలయాలు చెబుతాయేమోనని థామ్సన్ ఆశపడ్డాడు. ఆశకు ఆధారం ఉంది. ఆ 1904లోనే జపాన్‌లో నాగఓకా మధ్యలో బరువైన ధనావేశం, చుట్టూ ఎలక్ట్రాన్ల వలయం అని శనిగ్రహం లాంటి నమూనా చెప్పాడు. దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి.

రూథర్‌ఫర్డ్: ముందు జోస్యం రాయించండి

ఇక్కడ ఒక పీరియడ్ పూర్తిగా పెట్టుకోండి. థామ్సన్ పరమాణువును పేజీ నిండా వేయించి, దాని మీదకు దూసుకొచ్చే ఆల్ఫా కణాల (రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే ధనావేశ కణాల) దారులు గీయమనండి. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే 7,000 రెట్లకు పైగా బరువు, పరమాణువులో ధనావేశమేమో పలచగా పరుచుకుని ఉంది. బుద్ధిగా ఆలోచించినవాళ్లంతా కాస్త వంగిన గీతలే గీస్తారు. పేజీ కింద సంతకం పెట్టించండి. మాట మార్చడానికి ఉండకూడదు.

అప్పుడు 1909లోకి తీసుకెళ్లండి. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర హన్స్ గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్. సన్నటి లోహపు రేకుల మీదకు ఆల్ఫా కణాలు వదిలి, చీకటి గదిలో కూర్చుని, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కల్ని మైక్రోస్కోపులో చూస్తూ ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. బంగారు రేకు ఒక్కటే కాదు, చాలా లోహాలు వాడారు. ప్లాటినంతో చేసినప్పుడు దాదాపు 8,000 కణాల్లో ఒకటి వచ్చిన వైపుకే తిరిగి వచ్చింది. ఆ ఒక్కటి ఎలా వచ్చిందో చెప్పే బొమ్మ ఇప్పుడు వెయ్యమనండి.

పిల్లలు పీరియడ్ చివరికి దగ్గరికి వస్తారు. రూథర్‌ఫర్డ్‌కి 1911 వరకూ పట్టింది: పరమాణువు బరువు దాదాపు అంతా, దాంతోపాటు పెద్ద ఆవేశం, మధ్యలో అతి చిన్న చోట ఉండాలి. తర్వాత కేంద్రకం అన్నది దాన్నే. ఆ వ్యాసంలో రెండు సంగతులు నాకు చాలా ఇష్టం, పుస్తకాల్లో సాధారణంగా కనిపించవు. మధ్యలో ఉన్నది ధనావేశమో రుణావేశమో ఈ ప్రయోగంతో తేలదని, సౌకర్యం కోసం ధనావేశం అనుకుందామని ఆయన రాశాడు. అలాంటి పరమాణువు నిలబడుతుందా అన్న ప్రశ్న ఇప్పుడు అనవసరం అని కూడా అన్నాడు. ఆ ప్రశ్న అడిగితే నమూనా కూలిపోతుందని ఆయనకు తెలుసు. తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కాంతిగా పోగొట్టుకుంటూ కేంద్రకంలో పడిపోవాలి, అందుకు సెకనులో కోటో వంతు కూడా పట్టదు.

పుస్తకంలోని బొమ్మలో కేంద్రకం శనగగింజంత ఉంటుంది, దాన్ని సరిచేసే పని మీదే. బోర్డు మీద సుద్దముక్కతో 5 మిల్లీమీటర్ల చుక్క పెట్టి, ఇది బంగారం కేంద్రకం అనుకుంటే ఆ పరమాణువు అంచు ఎక్కడుంటుందో ఊహించమనండి. బోర్డు అంచు అంటారు, ఇంకొందరు గోడ అంటారు. టేపు పట్టుకుని బయటికి వెళ్లండి. 50 మీటర్ల అవతల.

వీలుంటే గోలీల ఆట కూడా పెట్టండి. నాలుగు ఇటుకల మీద వెడల్పాటి అట్ట, దాని కింద కనబడకుండా ఒక చెక్కముక్క. నాలుగు వైపుల నుంచి గోలీలు దొర్లించి, అవి బయటికొచ్చిన దిక్కుల్ని బట్టి లోపలి వస్తువు ఆకారం చెప్పాలి. అట్ట ఎత్తి చూడటానికి ఒప్పుకోకండి, ఎంత బతిమాలినా. పరమాణువు అట్టను రూథర్‌ఫర్డ్ కూడా ఎత్తి చూడలేదు.

బోర్: చీలికలోంచి వెలుగు, తర్వాత లెక్క

చెప్పుల డబ్బాకు ఒక చివర బ్లేడుతో సన్నటి చీలిక కోయండి. రెండో చివర పాత సీడీని ఏటవాలుగా అమర్చి, దాని మీద పడే వెలుగు చూడటానికి పైన కన్నం పెట్టండి. ఫిలమెంట్ బల్బు వైపు తిప్పితే రంగులు తెగకుండా ఒక పట్టీలా కనిపిస్తాయి. పాత ట్యూబ్‌లైటు వైపు తిప్పితే విడివిడి గీతలు, వాటిలో పాదరసం ఆకుపచ్చ గీత కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ఎండలో సూర్యుడి వైపు మాత్రం ఎవరూ తిప్పకూడదు, ఇది రెండుసార్లు చెప్పండి.

పరమాణువు కొన్ని రంగుల్నే ఎందుకు వదులుతుంది? హైడ్రోజన్ గీతలకు లెక్క కుదిరే సూత్రం 1885లోనే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బాల్మర్ అనే బడిపంతులు కనిపెట్టాడు. ఎందుకు కుదురుతుందో ఆయనకు తెలియదు. (బడిపంతులు అన్నప్పుడు నేను కాస్త గొంతు పెంచుతాను.) 1913 మొదట్లో ఆ సూత్రం నీల్స్ బోర్ కంటపడింది. ఎలక్ట్రాన్‌కు కొన్ని శక్తిస్థాయిలే ఉంటాయి, పై స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడు ఆ తేడా కాంతిగా వస్తుంది అన్నాడు. రూథర్‌ఫర్డ్ పక్కన పెట్టిన ప్రశ్నకు బోర్ ఇచ్చిన సమాధానం ఒక రకంగా మొండిది: ఈ కక్ష్యల్లో ఉన్నంతసేపు ఎలక్ట్రాన్ శక్తి కోల్పోదు, అంతే.

ఒప్పుకోవాలా వద్దా అన్నది లెక్క చేసి తేల్చుకోమనండి. 13.6ను స్థాయి సంఖ్య వర్గంతో భాగిస్తే ఆ స్థాయి శక్తి పరిమాణం ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. రెండో స్థాయికి 3.40, మూడో స్థాయికి 1.51. తేడా 1.89. 1,240ని ఆ తేడాతో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో, అంటే 656. హైడ్రోజన్ ఎర్ర గీత కచ్చితంగా అక్కడే ఉంది. నాలుగు నుంచి రెండుకి 486, ఐదు నుంచి రెండుకి 434. లెక్కలంటే విసుక్కునే పిల్లలు కూడా మూడోది తామే చేస్తామంటారు. అదే బోర్ లెక్క రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గర చతికిలబడింది, ఇది కూడా వెంటనే చెప్పండి.

మిగతావి

న్యూట్రాన్‌ని చాడ్విక్ 1932లో కనిపెట్టాడు. పుస్తకంలో ప్రోటాన్ పక్కనే రావడం వల్ల పిల్లలు అది రూథర్‌ఫర్డ్ 1911 వ్యాసం నాటిదనుకుంటారు. ష్రోడింగర్ సమీకరణం 1926లోనే వచ్చింది, అంటే ఎలక్ట్రాన్‌కు తరంగ సమీకరణం రాసేనాటికి కేంద్రకంలో ఏముందో సరిగా తెలియదు. గోడ మీద కాలరేఖ కడితే ఇది చెప్పకుండానే కనిపిస్తుంది.

క్వాంటం నమూనాకు హైస్కూల్లో పెద్దగా చోటు లేదు, రెండు విషయాలు చాలు. ఎలక్ట్రాన్ తరంగంలా కూడా ప్రవర్తిస్తుందని 1924లో డి బ్రోలీ అన్నాడు, మూడేళ్లకు ప్రయోగాల్లో కనిపించింది. ఆ ప్రయోగాలు చేసినవాళ్లలో జె.జె. థామ్సన్ కొడుకు జి.పి. థామ్సన్ ఒకడు. తండ్రికి 1906లో, కొడుక్కి 1937లో నోబెల్ వచ్చింది. రెండోది ఆర్బిటాల్ బొమ్మ. అందులో వందల చుక్కలుంటాయి, పిల్లలు ఒక్కో చుక్కా ఒక్కో ఎలక్ట్రాన్ అనుకుంటారు. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే. చుక్కలు దట్టంగా ఉన్నచోట అది దొరికే అవకాశం ఎక్కువ అని మొదటిరోజే చెప్పకపోతే ఇంటర్‌లో లెక్చరర్లకు తలనొప్పి.

పరీక్షలో ఏ నమూనా వాడాలని అడుగుతారు. సమీకరణాలు తుల్యం చేయడానికి డాల్టన్ గుండ్లు చాలు. వేలెన్సీ, బంధాల పాఠానికి బోర్ వలయాలు. దేన్నీ చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదు. యూనిట్ టెస్టులో "లోపాలు రాయండి" అని అడగను. ఇలా అడుగుతాను: "మీరు 1908లో థామ్సన్ నమూనాను నమ్మే శాస్త్రవేత్త. ఆల్ఫా కణం వెనక్కి వచ్చిందని మరుసటి ఏడు కబురందింది. మీ నమూనాను కాపాడుకోవడానికి ఒక ప్రయత్నం చేయండి, అది ఎందుకు కుదరదో కూడా రాయండి." చిన్నచిన్న వంపులు చాలా కలిసి పెద్ద వంపు అయిందని రాసినవాళ్లకు సగం మార్కులు వేస్తాను. అప్పట్లో నిజంగానే వచ్చిన వాదన అది. అలా కలిసిరావడానికి అవకాశం ఎంత తక్కువో కూడా రాస్తే మొత్తం.