కారు స్టీరియోలో ఇంజిన్ కూత: నా అనుభవం

కారులో అదనంగా ఆంప్లిఫయర్ అమర్చిన తర్వాత స్పీకర్ల నుంచి సన్నని కూత మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అది మరింత కీచుగా మారుతూ, ఇంజిన్ ఆపగానే మాయమవుతుండటంతో మూలం ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరేనని తేలింది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే నాయిస్ ఫిల్టర్ తగిలిస్తారు. అది జబ్బును దాచడమే తప్ప నయం చేయడం కాదని నా అభిప్రాయం.

వాల్యూమ్ సున్నాకు తగ్గించినా కూత తగ్గలేదు కనుక, అది డాష్‌బోర్డులోని స్టీరియో, అంటే హెడ్ యూనిట్‌లోని వాల్యూమ్ నియంత్రణను దాటిన తర్వాతే చేరుతోందని అర్థమైంది. సిస్టమ్ ఆపి, హెడ్ యూనిట్ నుంచి ఆడియో సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ తీగలను ఆంప్లిఫయర్ వద్ద తీసేసి మళ్లీ ఆన్ చేస్తే నిశ్శబ్దం. అంటే ఆంప్లిఫయర్ బాగానే ఉంది, కూత ఆ తీగల దారిలోనే వస్తోంది. హెడ్ యూనిట్, ఆంప్లిఫయర్ చెరో చోట కారు బాడీకి ఎర్త్ అయినప్పుడు, ఆ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, దానివల్ల పుట్టే విద్యుత్తు ఆర్‌సీఏ తీగల పైతొడుగు గుండా ప్రవహించి శబ్దంగా వినిపిస్తుంది.

విప్పి చూస్తే ఆంప్లిఫయర్ ఎర్త్ తీగను పెయింట్ మీదే బోల్టుతో బిగించి ఉన్నారు. బ్యాటరీ నెగెటివ్ తీగ తొలగించి, ఆ చోట లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పొట్టిదైన మందపాటి తీగతో గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. (సీటు బెల్టు బోల్టును మాత్రం ఇందుకు వాడకూడదు.) మిగిలిన కాస్త రొద, పవర్ తీగ పక్కనే సాగుతున్న ఆర్‌సీఏ తీగలను కారు రెండో వైపుకు మార్చగానే పోయింది.