ప్రమాదకర వ్యర్థాల లెక్కలు, 4వ పాఠం: షెడ్డులో మిగిలిన మడ్డి

ఈసారి సీఎఫ్ఓ, అంటే పరిశ్రమ నడపడానికి కాలుష్య నియంత్రణ బోర్డు ఇచ్చే అనుమతి, దాని షరతులు చదవడం నేర్చుకోవాలి. అది వాయిదా. పోయిన పాఠంలో నింపమన్న ఫారం 3 రిజిస్టర్లు, అంటే వ్యర్థాల లెక్క రాసే పుస్తకాలు, చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. ఏటా జూన్ 30 లోపు పీసీబీకి (కాలుష్య నియంత్రణ బోర్డుకు) వెళ్లాల్సిన ఫారం 4, అంటే వార్షిక రిటర్ను, ఆ రిజిస్టరులోంచే వస్తుంది. అక్కడ తప్పితే ఇక్కడా తప్పే.

ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు సంతకం పెట్టాలో చెప్పను, అవి మీకు తెలిసినవే. వ్యర్థం పుట్టే పరిశ్రమ నింపాల్సిన భాగంలో అడిగేవి నాలుగే: ఏడాదిలో ఎంత పుట్టింది, ఎంత బయటికి పంపారు, ఎంత లోపలే వాడుకున్నారు, ఏడాది చివర ఎంత నిల్వ ఉంది. మీలో చాలామంది మొదటి రెండింటికీ ఒకే అంకె వేసి, చివరిదానికి సున్నా చుట్టారు. ఒకరైతే లారీ రాలేదు కాబట్టి ఏమీ పుట్టలేదని రాశారు. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఏడాది పొడవునా నడిచింది కదండీ, మరి ఆ మడ్డి ఏమైనట్టు?

పుట్టిన రోజు వేరు, లారీ ఎక్కిన రోజు వేరు. ఈటీపీ మడ్డినే తీసుకోండి. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు (2016) షెడ్యూల్ 1లో దాని సంఖ్య 35.3. ఏప్రిల్ 1న షెడ్డులో 1.5 టన్నులు ఉంది. నెలకు అర టన్ను చొప్పున ఏడాదికి 6 టన్నులు పుట్టింది. పంపింది 5.5 టన్నులు. మార్చి 31న మిగలాల్సింది 2 టన్నులు. సున్నా ఎలా అవుతుంది?

అసలు తిరకాసు ఆ 2 టన్నుల్లోనే ఉంది. నెలకు అర టన్ను పుట్టేచోట 2 టన్నుల నిల్వ అంటే నాలుగు నెలల సరుకు. 2016 నిబంధనల ప్రకారం నిల్వ 90 రోజులు దాటకూడదు. మీరు గడువు దాటారని మీ రిటర్నే చెబుతోంది. తనిఖీకి వచ్చినవారికి షెడ్డు తలుపు తీయాల్సిన పనే లేదు, ఒక్క భాగహారం చాలు. ఏడాదికి 10 టన్నుల లోపు పుట్టే చిన్న యూనిట్లకు బోర్డు 180 రోజుల వరకు గడువు పెంచగలదు. అయితే అడగాలి, ఇచ్చినట్టు కాగితం ఉండాలి. చిన్న యూనిట్ కదా అని దానంతటదే రాదు.

పోనీ, పంపింది 6 అని దిద్దేస్తే? మానిఫెస్టు అంటే ప్రతి లోడుకూ రాసే రవాణా పత్రం. అందులో పసుపు కాపీ మీ దగ్గర ఉంటుంది, నీలం కాపీ సరుకు అందుకున్నవారి నుంచి మీకు తిరిగొస్తుంది. వాళ్లే ఆకుపచ్చ కాపీని బోర్డుకు పంపుతారు. మీ అంకె మీ ఒక్కరి చేతిలో లేదు.

వాడేసిన నూనె (5.1) విషయంలో ఇంకో చిక్కు. 200 లీటర్ల డ్రమ్మును 200 కిలోలని రాయకండి, నూనె నీటికన్నా తేలిక. బోర్డు ఇచ్చిన వ్యర్థాల అనుమతి పత్రం, అంటే ఆథరైజేషన్‌లో ఏ కొలత ఉందో రిజిస్టరులోనూ అదే వాడండి. రసాయనాల ఖాళీ డ్రమ్ములు (33.1) కూడా వ్యర్థమే, పాత సామాన్లవాడికి అమ్మేసి ఊరుకోవద్దు.

నా పద్ధతి చెప్తాను, నచ్చితే పాటించండి. 90 రోజులు ఆగకుండా 60వ రోజుకే లారీ మాట్లాడతాను. డ్రమ్ము నిండిన రోజును కాదు, అందులో మొదటి చెంచా పడిన రోజునే నిల్వ తేదీగా లేబుల్ మీద వేస్తాను. కంప్యూటర్‌లో ఏమున్నా, పేజీ నంబర్లు వేసిన బైండు పుస్తకం ఒకటి షెడ్డు దగ్గరే ఉండాలి.

అభ్యాసం: గత మూడేళ్ల ఫారం 4లు బయటికి తీయండి. ఒక్కో రకం వ్యర్థానికి విడిగా, ఒక ఏడాది ముగింపు నిల్వను తర్వాతి ఏడాది తొలి నిల్వగా వేసి మూడేళ్లూ గొలుసుకట్టుగా లెక్క కట్టండి. పంపిన ప్రతి లోడుకూ పసుపు, నీలం కాపీలు జత చేయండి. ఏ నెలలో నిల్వ 90 రోజుల సరుకును మించిందో ఎర్ర సిరాతో చుట్టండి. నీలం కాపీ దొరకని లోడ్ల జాబితా వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.