ఇంట్లో పెద్దాళ్లకి సీరియస్‌గా ఉందంటే ఇవి ముందే చూస్కోండి

ఇప్పుడు ఇవేం మాటలు అనుకోకండి, మా నాన్న పోయినప్పుడు ఏమేం చేయాలో ఎవరూ చెప్పలేదు అందుకే రాస్తున్నా.

- యాక్సిడెంటో పాముకాటో కరెంట్ షాకో అయితే పోలీసులకి చెప్పి, పోస్టుమార్టం అయ్యాకే దహనం. పోయిన మనిషిని ఇంకా కొయ్యడం ఎందుకని చుట్టాలు అంటారు, కానీ ఆ కాగితాలు లేకపోతే ప్రధానమంత్రి సురక్షా బీమా (బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే ప్రమాద బీమా) 2 లక్షల్లాంటివి రావడం చాలా కష్టం.

- ఇంట్లోనే పోతే రోజూ చూసే డాక్టర్‌తో కారణం రాయించుకోండి. శ్మశానం రసీదు పారేయొద్దు.

- 21 రోజుల్లోపు మరణం రిజిస్టర్ చేయించాలి, దాటితే ఫైను, ఏడాది దాటితే పెద్ద తిరుగుడు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూడండి, మాకు ఇంటిపేరులో ఒక్కక్షరం తప్పు పడి బ్యాంకు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం.

- కళ్లు దానం ఇవ్వాలంటే 6 గంటల్లోపే. ఈలోగా ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టండి.

- ఖర్చు డబ్బులు బావగారికో బాబాయికో అప్పజెప్పండి, ఏడుస్తున్నోళ్లు బేరం ఆడలేరు.

- పెద్దకర్మ భోజనాలకి అప్పు వద్దు. ఎవరేమన్నా సరే.

- అసలు కష్టం చుట్టాలంతా వెళ్లిపోయాక. మా అమ్మ చాలా రోజులు పొద్దున్నే రెండు గ్లాసుల టీ పెట్టి, ఒకటి అలా చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చునేది, అందుకని నెల రోజులైనా ఎవరో ఒకరు తోడుండేలా ముందే వంతులు వేస్కోండి, నిద్ర తిండి మానేస్తే టెలీ మానస్ (మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, ఫ్రీనే, తెలుగులోనూ మాట్లాడతారు.