లాగిన్ అవుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది

మొన్న అరకు నుంచి మా బావమరిది ఫోన్. వీపీఎన్ (ఇంటర్నెట్‌లో వేసుకునే రహస్య సొరంగం) మీదుగా, ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా కూర్చుని కమాండ్లు కొట్టే లాగిన్) సర్వర్‌లోకి వెళ్తున్నాడు. "బావా, వీపీఎన్ కనెక్టయింది, సర్వర్ పాస్‌వర్డ్ కూడా తీసుకుంది. లాగ్ ఫైల్ తెరిస్తే స్క్రీన్ కదలట్లేదు. ఇక్కడ సిగ్నల్ బాలేదు, రేపు వైజాగ్ దిగాక చూస్తాలే."

సిగ్నల్‌ని తిట్టకముందు ఒకటి గమనించాలి. లైను నిజంగా నీరసంగా ఉంటే పాస్‌వర్డ్ దగ్గరా నత్తనడకే ఉండాలి. చిన్నవి చకచకా వెళ్లి, పెద్ద అవుట్‌పుట్ రాగానే ఆగిందంటే అది ప్యాకెట్ (డేటా వెళ్లే మూట) సైజు గొడవ. కొందరికి ఇంకా ముందే, కీ ఎక్స్ఛేంజ్ (రహస్య తాళాలు కుదుర్చుకునే తొలి మెట్టు) దగ్గరే ఎస్ఎస్‌హెచ్ నిలబడిపోతుంది. రోగం ఒకటే.

కారణం: ఈథర్‌నెట్‌లో (మామూలు కేబుల్ నెట్‌వర్క్) ప్యాకెట్ మామూలుగా గరిష్ఠంగా 1500 బైట్లు. ఇంటి ఫైబర్ పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్టయ్యే పద్ధతి) అయితే 8 పోయి 1492. మొబైల్ దారుల్లో ఇంకా తక్కువ ఉండొచ్చు. వీపీఎన్ తన హెడర్లు (అడ్రస్ చీటీల్లాంటివి) పైన తగిలిస్తుంది. ప్యాకెట్ పట్టకపోతే, దాన్ని ముక్కలు చేసే వీలూ లేకపోతే, మధ్యలోని రౌటర్ ఐసీఎంపీలో (నెట్‌వర్క్ కబుర్లు మోసే పద్ధతి) "ఇది పెద్దది" అని కబురు పంపాలి. భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్నీ ఆపేసే మహానుభావులున్నారు. ఘాట్‌లో ఎత్తు లారీ ఇరుక్కుంది, ఆ మాట ఘాట్ కింద ఎస్.కోటలో చెప్పేవాడు లేడు, కింద నుంచి అదే ఎత్తు లారీలు వస్తూనే ఉన్నాయి అనుకోండి.

పరీక్ష: వీపీఎన్ ఆపి, వీపీఎన్ సర్వర్ అడ్రస్‌కి ముందు మామూలు పింగ్ (జవాబొస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టండి. జవాబొస్తే, విండోస్‌లో మైనస్ ఎఫ్ (ముక్కలు చేయొద్దని), మైనస్ ఎల్ 1472 (సైజు) పెట్టి కొట్టండి. వెళ్లకపోతే తగ్గిస్తూ రండి. బావమరిదికి 1372 వెళ్లింది, 1373 వెళ్లలేదు. 28 బైట్ల హెడర్ కలిపితే ఆ దారిలో పట్టే ప్యాకెట్ 1400.

మందు: బావమరిది వీపీఎన్ వైర్‌గార్డ్. అది ఐపీవీ4 (పాత ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) మీద 60 బైట్లు, ఐపీవీ6 (కొత్తది) మీద 80 తింటుంది. 1400లోంచి పెద్దదైన 80 తీసేసి, వైర్‌గార్డ్ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1320 పెట్టించాను. మామూలుగా అది 1420 ఉంటుంది. లాగ్ ఫైల్ గలగలా దిగింది. టీసీపీకి (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి, ఎస్ఎస్‌హెచ్ నడిచేది దీనిమీదే) ఒక్క మనవైపు మార్చినా చాలు: కనెక్షన్ మొదట్లోనే మన మెషీన్ "ఇంతకు మించి పంపకు" అని అవతలికి ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దు) చెప్పేస్తుంది. ఆఫీసు మొత్తానికి కావాలంటే రౌటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఆ హద్దును దారిలోనే తగ్గించే సెట్టింగ్) పెట్టించండి. లెక్కలకు ఓపిక లేదా? 1280 పెట్టి చూడండి. ఐపీవీ6కి కనీస ఎంటీయూ అదే.

టీ తాగొచ్చేసరికి బిగుసుకుంటే: ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని దారిలో నాట్ (చాలామంది కనెక్షన్లను ఒకే అడ్రస్ మీద నడిపే ఏర్పాటు) మరిచిపోయింది. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ ("ఉన్నావా" అని సర్వర్‌ని పలకరించే గ్యాప్, సెకన్లలో) 30 పెట్టండి. వైర్‌గార్డ్‌లో అయితే పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25.

అక్షరం కొడితే రెండు సెకన్లకు కనబడితే: ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలు అప్‌లోడ్ చేస్తోందేమో చూడండి. మా ఇంట్లో ప్రతిసారీ సింహాచలం ఫొటోలే! రౌటర్‌లో ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల క్యూ పేరుకుపోకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ వేగాన్ని అసలు వేగం కంటే కొంచెం తక్కువకు కట్టేయండి.

ఓపెన్‌వీపీఎన్ (ఇంకో రకం వీపీఎన్) టీసీపీ మీద నడుస్తుంటే: ప్యాకెట్ పోయినప్పుడల్లా లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ మళ్లీ పంపడం మొదలుపెడతాయి. యూడీపీకి (తనంతట తాను మళ్లీ పంపని పద్ధతి) మార్చండి. ఫైర్‌వాల్ యూడీపీని రానివ్వకపోతే టీసీపీయే గతి. అప్పుడు సర్వర్‌లో టీమక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి అందులో పని చేసుకోండి. లైను తెగినా కమాండ్ అక్కడ నడుస్తూనే ఉంటుంది, మళ్లీ వచ్చి అటాచ్ కావచ్చు.