కమిటీ రిపోర్టు వచ్చాక ఏమైందో కనుక్కోవడం ఎలా

మన వైజాగ్‌లో ఏదైనా పెద్ద గొడవైతే కమిటీ వేస్తారు, రిపోర్టు వచ్చిందని టీవీలో స్క్రోలింగ్ వేస్తారు, ఆ తర్వాత సంగతి అడిగే నాథుడుండడు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైనప్పుడూ హైపవర్ కమిటీ వేశారు, జులైలో రిపోర్టూ ఇచ్చేశారు. రిపోర్టు రావడం ఒకెత్తు, దాన్ని పట్టుకుని పార్లమెంటులో నిలదీయడం ఇంకొకెత్తు.

స్టీల్ ప్లాంట్ సంగతే తీసుకోండి. సంసద్ (అంటే పార్లమెంటు) వెబ్‌సైట్లో ప్రశ్నల సెక్షన్‌కెళ్లి ఉక్కు శాఖ పెట్టి రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అని కొట్టండి, కాయితాల్లో కంపెనీ పేరు అదే కదా. స్టార్ గుర్తున్న ప్రశ్నకి మంత్రి సభలో నోటితో చెప్పాలి, మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, స్టార్ లేకపోతే రాతపూర్వక జవాబుతో సరి. లోక్‌సభలో రోజుకి స్టార్‌వి 20 మాత్రమే, అవి కూడా అన్నీ టైముకి రావు.

ఎంపీ చదువుకుని వచ్చాడో లేదో అనుబంధ ప్రశ్న దగ్గరే తేలిపోద్ది. "ప్లాంటుని కాపాడతారా" అంటే "పరిశీలిస్తున్నాం" అని చెప్పి కూర్చుంటారు. అదే "2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మడానికి కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు, మరి ఆ పాత నిర్ణయం రద్దయినట్టా కాదా" అని అడిగారనుకోండి, తప్పించుకోవడం అంత ఈజీ కాదు.

అసలు పని మాత్రం స్థాయీ సంఘాల్లో, అంటే శాఖల పనిని పరిశీలించే ఎంపీల స్టాండింగ్ కమిటీల్లో జరుగుతుంది (కెమెరాలుండవు కాబట్టి అరుపులు కూడా తక్కువే). ఒక్కో దాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, శాఖ కార్యదర్శులను పిలిపించి లెక్కలడిగి సిఫార్సులు రాస్తారు. ప్రభుత్వం వాటిని పాటించి తీరాలని రూలేం లేదు, కానీ ఏం చేసిందో జవాబు చెప్పాలి, ఆ జవాబుల మీద సంఘం మళ్లీ ఇంకో రిపోర్టు వేస్తుంది, దాన్నే యాక్షన్ టేకెన్ రిపోర్టు అంటారు. నన్నడిగితే మొదటి రిపోర్టు కంటే ఇదే ముందు చదవాలి, అందులోనూ ప్రభుత్వ జవాబుని సంఘం ఒప్పుకోని సిఫార్సులకి విడిగా ఒక అధ్యాయం ఉంటుంది, నేరుగా అక్కడికెళ్లిపోండి.

మన ఎంపీ గారి ఆఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు ఆ రిపోర్టు నంబరు, పేరా నంబరు రాసి, ఏం అడగాలో ఒక్క ముక్కలో పెట్టండి. సమావేశాలు మొదలయ్యాక పరిగెడితే లాభం లేదు, ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందే నోటీసివ్వాలి.