పన్ను కట్టడానికి తాత్కాలిక వెసులుబాటు: దరఖాస్తు ఎలా చేయాలి?

ఆదాయం పడిపోయిన ఏడాది, కట్టడానికి డబ్బు లేదన్న టెన్షన్‌లో చాలామంది అసలు రిటర్నే (ఆదాయం, పన్ను లెక్క చూపే పత్రం) వేయకుండా ఊరుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చేతిలో డబ్బు లేకపోయినా రిటర్న్ గడువులోగా వేయండి. అమెరికా లెక్క చూడండి: రిటర్న్ వేయకపోతే కట్టాల్సిన పన్నుపై నెలకు 5 శాతం జరిమానా, రిటర్న్ వేసి డబ్బు కట్టలేకపోతే నెలకు 0.5 శాతమే.

తర్వాత, మీకు కావాల్సింది ఏమిటో తేల్చుకోండి. గడువు పొడిగింపా, వాయిదాల్లో కట్టే వీలా, ముందస్తు పన్ను (ఏడాది మధ్యలోనే అంచనాతో కట్టేది) తగ్గింపా, జరిమానా రద్దా? వీటికి సాధారణంగా ఫారాలు వేరువేరుగా ఉంటాయి. గడువు పెంచారంటే పన్ను మాఫీ అయినట్టు కాదు. 2020 మార్చి 20 నుంచి జూన్ 30 వరకు కట్టాల్సిన వ్యాట్‌ను తర్వాత కట్టుకోవచ్చని బ్రిటన్ చెప్పింది. అందుకు దరఖాస్తు అక్కర్లేదు. కానీ బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని వ్యాపారే ఆపుకోవాలి. ఆ బాకీని 2021లో వాయిదాల్లో కట్టాలనుకుంటే మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి.

దరఖాస్తుకు ప్రాణం మీ లెక్కలే. "ఇబ్బందుల్లో ఉన్నాను" అని రాస్తే అధికారికి ఏమీ తెలియదు. నెలవారీ రాబడి, ఖర్చులు, కిందటి ఏడాది అవే నెలల అంకెలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రావాల్సిన బిల్లులు జతచేయండి. నెలకు ఎంత, ఏ తేదీన, ఎన్ని నెలలు కట్టగలరో మీరే రాయండి. ఆశపడి పెద్ద మొత్తం రాయొద్దు. ఒక్క వాయిదా తప్పినా ఒప్పందం రద్దయ్యే అవకాశం ఉంది.

స్వయం ఉపాధిలో ఉన్నవారు ఇంటి ఖర్చును, పని ఖర్చును విడదీసి చూపాలి. మనుషుల్ని పెట్టుకున్న చిన్న వ్యాపారులు ఇంకో సంగతి గమనించాలి: ఉద్యోగుల జీతంలోంచి కోసిన పన్ను మీ డబ్బు కాదు. 2020లో జర్మనీ ఆదాయపు పన్నుకు వడ్డీ లేకుండా గడువిచ్చినా, జీతాల్లో కోసిన పన్నుకు ఆ వీలు ఇవ్వలేదు.

కుటుంబాలకు వచ్చే సాయం చాలాసార్లు రిటర్న్ ద్వారానే అందుతుంది. 2021లో అమెరికా పిల్లల పన్ను క్రెడిట్‌లో (పిల్లలున్న కుటుంబాలకు పన్ను ద్వారా ఇచ్చే సాయం) సగం జూలై నుంచి డిసెంబర్ వరకు నెలనెలా ముందే ఇచ్చింది. మిగతా సగం కావాలంటే ఆ ఏడాది రిటర్న్ వేయాల్సిందే. ఆదాయం తక్కువని రిటర్న్ వేయని ఇళ్లే ఇలాంటి డబ్బు పోగొట్టుకుంటాయి. ఇది నిజంగా బాధాకరం.

దరఖాస్తు పెట్టాక రసీదు నంబరు దాచుకోండి. ఆర్డర్ వచ్చేదాకా కట్టగలిగినంత కడుతూ ఉండండి, వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది. మధ్యలో రాబడి మళ్లీ పడిపోతే, వాయిదా తేదీ దాటకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు ఆర్డర్‌లో ఉన్నాయేమో వెంటనే చూసుకోండి.