శాంతిదూత గారి బయోడేటాను పరీక్షించడం ఎలా

విశ్వశాంతి యాత్ర, సర్వమత సమ్మేళనం, ప్రపంచ శాంతి ధ్యాన మహోత్సవం. హైదరాబాద్‌లో కాలనీ సంఘాలకు, కాలేజీలకు ఇలాంటి కరపత్రాలు కొత్త కాదు. వేదిక ఇవ్వండి, విరాళం ఇవ్వండి, పిల్లల్ని పంపండి అంటారు. ఇంతకీ కరపత్రం మీది ఈ శాంతిదూత ఎవరు అని ఎవరైనా నోరు తెరిస్తే, శాంతి గురించి చెప్పేవారిని అనుమానిస్తారా అని పక్కవాళ్లే ఆపేస్తారు. ఆ మొహమాటం మీదే చాలామంది బతుకుతున్నారు.

ముందుగా వేదాంతం జోలికి పోకండి. ఆయనకు ఆత్మజ్ఞానం కలిగిందో లేదో తేల్చడం ఎవరి వల్లా కాదు, ఆ వాదనలో మాటకారిదే పైచేయి అవుతుంది. తేల్చగలిగినవి మూడు: హోదా ఎవరిచ్చారు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, చేశామంటున్న పని ఎక్కడ జరిగింది. కరపత్రం ముందు పెట్టుకుని ఈ మూడింటిలో దేనికో ఒకదానికి చెందిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. ‘కారణజన్ములు’, ‘దివ్యతేజోమూర్తి’ లాంటివి వదిలేయండి. గీత పడినవే మీ పని.

వెతకడానికి ముందు పూర్వాశ్రమ నామం, అంటే దీక్షకు ముందున్న అసలు పేరు, కావాలి. బ్యాంకు ఖాతా, భూమి పత్రాలు, కోర్టు కేసులు ఎక్కువగా ఆ పేరు మీదే ఉంటాయి. దీక్షానామంతో వెతికి ఏమీ దొరకలేదని సంతృప్తి పడటం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. ట్రస్టు డీడ్ మీద, కంపెనీ డైరెక్టర్ల జాబితాలో అసలు పేరు, తండ్రి పేరు దొరుకుతాయి. ఆ పేరుతో, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాలు మూడూ విడివిడిగా చూడండి. నగరం ఒకటే అయినా కోర్టులు వేరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. అలాగే కేసు కనబడనంత మాత్రాన లేనట్టూ కాదు, ఎందుకంటే లైంగిక నేరాల వివరాలు బయటికి చూపరు.

హోదాలు

‘నోబెల్ శాంతి బహుమతికి నామినేట్ అయ్యారు’ అన్నది కనబడగానే కొట్టేయండి. పార్లమెంటు సభ్యులు, మంత్రులు, చరిత్ర, న్యాయం, తత్వం, మతం లాంటి శాఖల ప్రొఫెసర్లు ఎవరైనా జనవరి 31లోగా ఒక పేరు పంపవచ్చు. ఆ పేర్లను నోబెల్ కమిటీ 50 ఏళ్లు బయటపెట్టదు, కాబట్టి నామినేషన్‌ను కమిటీ ధ్రువీకరించే ప్రశ్నే లేదు. 1939లో స్వీడన్ ఎంపీ ఒకరు వ్యంగ్యంగా హిట్లర్ పేరే పంపి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. గాంధీ పేరు ఐదుసార్లు వెళ్లింది, బహుమతి మాత్రం రాలేదు. పేరు వెళ్లడం గొప్పా కాదు, తక్కువా కాదు.

ఐక్యరాజ్యసమితి పేరు కనిపిస్తే ఇంకాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉండవచ్చు. సమితి ‘శాంతిదూత’లను స్వయంగా సెక్రటరీ జనరల్ నియమిస్తారు. వారి పేర్లు సమితి వెబ్‌సైట్‌లో ఉంటాయి, జాబితా చాలా చిన్నది. ‘ఇంటర్నేషనల్ పీస్ అంబాసిడర్’ అన్నది వేరే సంగతి, ప్రైవేటు సంస్థలు పంచే బిరుదు అది. సమితి ఆర్థిక, సామాజిక మండలి స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే సంప్రదింపుల హోదా మాత్రం నిజమైనదే. జనరల్, స్పెషల్, రోస్టర్ అని అందులో మూడు తరగతులున్నాయి, పేరు కొట్టి చూసుకునే జాబితా కూడా ఆన్‌లైన్‌లో ఉంది. అయితే ఆ హోదా సంస్థదే తప్ప వ్యక్తిది కాదు. దాంతో ప్రతినిధులకు న్యూయార్క్ భవనంలోకి పాసులు దొరుకుతాయి, పక్క గదిలో సభ పెట్టుకోవచ్చు. అక్కడ దిగిన ఫొటోనే ఇక్కడ ఫ్లెక్సీ మీద ‘ఐరాసలో ప్రసంగించిన’ అయిపోతుంది. సమితి చిహ్నాన్ని కరపత్రం మీద ముద్రిస్తే అది 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ ముక్క చెబితే నిర్వాహకులు మరుసటి రోజే కొత్త కరపత్రం వేయించడం మామూలే.

పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే ఏ విశ్వవిద్యాలయం, ఏ సంవత్సరం, సిద్ధాంత వ్యాసం పేరేమిటి అని మూడు ముక్కలు అడగండి. మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది, నకిలీ సంస్థల జాబితాను యూజీసీ ప్రచురిస్తుంది. శాంతి పేరుతో ఉన్న విశ్వవిద్యాలయమైతే ఇంకా జాగ్రత్త. 1980లో ఐక్యరాజ్యసమితి తీర్మానంతో ఏర్పడినది కోస్టారికాలో ఉంది, దాన్ని పోలిన పేర్లు పెట్టుకున్నవి చాలా ఉన్నాయి. ఇక రవీంద్రభారతిలో సన్మానం జరిగిందంటే ఆ రోజు ఎవరో హాలు అద్దెకు తీసుకున్నారని మాత్రమే అర్థం.

పెద్దవాళ్లతో ఫొటోలు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఈ రెండూ ఉంటే చాలనుకునేవారికి జపాన్ ఉదాహరణ చాలు. ఓమ్ శిన్రిక్యో అనే మత బృందం నాయకుడు అసహరా దలైలామాతో దిగిన ఫొటోలను ప్రచారానికి వాడుకున్నాడు. 1989లో ఆ సంస్థకు మత సంస్థగా అధికారిక గుర్తింపు వచ్చింది. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది వాళ్లే.

డబ్బు

ఒక్కటే చూసే తీరిక ఉంటే రసీదు చూడండి. దాని మీద పాన్ నంబరులో నాలుగో అక్షరం ఏమిటో గమనించండి. టీ ఉంటే ట్రస్టు, సీ అయితే కంపెనీ, ఏ అంటే వ్యక్తుల సంఘం. పీ ఉంటే మీ విరాళం ఒక వ్యక్తి జేబులోకి వెళుతున్నట్టే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఫోన్‌లో వచ్చే పేరు, రసీదు మీది పేరు ఒకటేనా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

80జీ (దాతకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉందంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో సంస్థ పేరు, గడువు సరిచూడండి. మామూలు రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు, తాత్కాలికం మూడేళ్లకు ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి, జనం నోట మాత్రం ఇంకా 80జీయే. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే మినహాయింపు రాదు. ‘నగదు ఇవ్వండి, 80జీ రసీదు రాసిస్తాం’ అంటే అక్కడితో మాట ఆపేయవచ్చు.

తర్వాత సంస్థ రకం తెలుసుకోవాలి, వెతికే చోటు దాన్నిబట్టి మారుతుంది.

సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉంటుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, కార్యవర్గం జాబితా ఏటా ఇవ్వాలి. రుసుము కట్టి ధ్రువీకృత నకలు అడగండి. ఏడుగురిలో ఐదుగురికి ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా ఉంటే అది సంస్థ కాదు, కుటుంబం.

ట్రస్టు దగ్గర చిక్కు వస్తుంది. డీడ్‌లో స్థిరాస్తి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ దాన్ని 1వ పుస్తకంలో నమోదు చేస్తారు, దాని నకలు ఎవరైనా తీసుకోవచ్చు. నగదుతో మొదలైన ట్రస్టు 4వ పుస్తకంలోకి వెళుతుంది, ఆ నకలు బయటివారికి ఇవ్వరు. అప్పుడు ట్రస్టునే అడగాలి. డీడ్ చేతికొస్తే రెండు చోట్లు చదవండి: ట్రస్టీలను తీసేసే అధికారం ఎవరిది, ట్రస్టు మూతపడితే ఆస్తి ఎవరికి. జీవితకాల అధ్యక్షుడికి ఒక్కడికే తొలగించే అధికారం ఉందంటే మిగతావాళ్లు సంతకాలకే ఉన్నట్టు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయితే పని సులువు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్ల పేర్లు ఉచితం, బ్యాలెన్స్ షీట్లకు కొద్దిపాటి రుసుము. ‘నీతి ఆయోగ్ గుర్తింపు’ అనే మాట విని తడబడవద్దు. నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్ సంస్థకు ఇచ్చే నంబరు నమోదుకు గుర్తే తప్ప నడవడికకు సర్టిఫికెట్ కాదు.

హైదరాబాద్‌కు ప్రత్యేకంగా వర్తించేది విదేశీ విరాళం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు పంపే డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టుతో ఉన్నవారి సొంత సంపాదన అయితే కాదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే ముందు పడాలి. ‘అబ్బాయిని మా అమీర్‌పేట బ్రాంచి ఖాతాకి వేయమనండి’ అంటే చిక్కు మీ అబ్బాయికి కాకపోయినా సంస్థకు తప్పదు.

పని

‘మా ధ్యానంతో నగరంలో నేరాలు తగ్గాయి’ అంటే దేనితో పోల్చి తగ్గాయని అడగండి. ఈ తరహా వాదనల్లో పేరుమోసినది 1993 వేసవిలో వాషింగ్టన్‌లో సుమారు 4,000 మందితో జరిపిన ధ్యాన ప్రయోగం. హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయన్నారు. తగ్గింది అంతకుముందు లెక్కతో పోల్చి కాదు, ధ్యానం లేకుంటే ఇన్ని జరిగేవని వాళ్ల గణిత నమూనా ఊహించిన సంఖ్యతో పోల్చి. ఆ మరుసటి ఏడాది దానికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. అది వెక్కిరింతకు ఇచ్చే బహుమతి.

లెక్క ఎలా ఉండాలో పోచంపల్లి చెబుతుంది. 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమ నేత వినోబా భావే అక్కడ ఏం కావాలని అడిగినప్పుడు దళితులు 80 ఎకరాలు కావాలన్నారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఊరు, తేదీ, దాత, ఎకరాలు అన్నీ ఉన్నాయి కాబట్టే ఏ భూమి ఎవరికి చేరింది, ఏది చేతులు మారింది అని ఇవాళ్టికీ నిలదీయగలుగుతున్నాం. ‘లక్షల హృదయాల్లో శాంతి నింపాం’ అన్నదాన్ని నిలదీయడానికి పట్టు దొరకదు.

స్థానికంగా ఇంకో పరీక్ష ఉంది. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. అలాంటి ఒప్పందాల వెనక బస్తీ పెద్దలు, మసీదు కమిటీలు, మండప నిర్వాహకులు, పోలీస్ స్టేషన్ శాంతి కమిటీల సమావేశాలు ఉంటాయి. మతసామరస్యం కోసం పాతబస్తీలో పనిచేశామనేవారి గురించి ఆ కమిటీల్లో ఉన్నవాళ్లను అడగండి. ఉద్రిక్తత ఉన్న రాత్రి వచ్చారా, మర్నాడు ఫొటోకి వచ్చారా అన్నది వాళ్లకు గుర్తుంటుంది.

అడిగే తీరు

ప్రశ్నలు రాతపూర్వకంగా, సంస్థ కార్యదర్శి పేరున, కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద పంపండి. ఐదు చాలు, 15 రోజుల గడువివ్వండి. ‘మీరు మోసం చేస్తున్నారు’ అని రాయవద్దు, ‘గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు పంపగలరా’ అని రాయండి. మొదటిది పరువునష్టం కేసుకు దారి, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంటుంది. రెండోది మామూలు విన్నపం. వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలుపెట్టకండి, అక్కడ ప్రశ్న వెళ్లేసరికి ఆరోపణ అవుతుంది. ప్రభుత్వం అవార్డు ఇచ్చిందంటే, ఇచ్చారంటున్న శాఖకే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు రావాలి.

జవాబు కంటే జవాబిచ్చే తీరు ఎక్కువ చెబుతుంది. కాగితాలు లేవని ఒప్పుకుని గడువు అడిగినవారిని నమ్మవచ్చు, చిన్న సంస్థల్లో పుస్తకాలు సరిగ్గా లేకపోవడం మామూలే. ‘మీలో నెగెటివ్ ఎనర్జీ ఉంది’, ‘గురువును ప్రశ్నించడం అహంకారం’ అని వస్తే ప్రశ్న తగలాల్సిన చోటే తగిలింది. మీకు జవాబివ్వకుండా మీ అధ్యక్షుడికో ప్రిన్సిపాల్‌కో ఫోన్ చేయించడం ఇంకో పద్ధతి. ఆ ఫోన్ ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఫైల్లో రాసి పెట్టండి.

పిల్లలు రాత్రిళ్లు ఉండే శిబిరమైతే పైవన్నీ సరిపోవు. బాధ్యులైన స్త్రీల పేర్లు, తల్లిదండ్రులు చెప్పకుండా వచ్చి చూసే హక్కు, పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వడం, ఈ మూడూ రాతలో ఇవ్వకపోతే పంపకండి. డబ్బు ఇప్పటికే యూపీఐలో వెళ్లి మోసమని తేలితే అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది.